కడపంక్తికీ అదే వైన్

గురువారం సాయంత్రం కమిటీ కూర్చున్నప్పుడు ఇదలీనా ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఆదివారం పవిత్రాత్మ పండగ, ఆరువందల మందికి వంట. మగవాళ్ళు మాట్లాడినంతసేపూ చేతులు కట్టుకు కూర్చుంటే వెల్లుల్లి ఎవరు ఒలుస్తారు? ముప్ఫై ఏళ్ళు బడి క్యాంటీనులో వండి రిటైరైన మనిషి ఆవిడ. అరవై ఆరేళ్ళు. చేతిలో గరిటె, ముక్కు మీద కోపం రెండూ పుట్టుకతోనే వచ్చాయని ఊళ్ళో అంటారు. నిజమే కావచ్చు.

ఆ ఏడు పండగకి ప్రెసిడెంటు ఎల్మీరో సిమాస్. మూడు వేల ఆవుల డెయిరీ. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితం.

"లోదీలో ముసలాయన ద్రాక్షతోట పీకేసి బాదం వేశాడు. ఇన్నేళ్ళూ పీపాల్లో తెచ్చుకున్న వైన్ ఇక రాదు. అందుకని నేనో ఏర్పాటు చేశాను" అన్నాడు. "మొదటి బల్ల దగ్గర బ్యాంకు మేనేజరు, చీజు ఫ్యాక్టరీ వాళ్ళు, చందాలిచ్చిన పెద్దలు కూర్చుంటారు. వాళ్ళకి నా ఖర్చుతో నాపా వైన్. సీసా ఎనభై డాలర్లు. మిగతా జనానికి అట్టపెట్టెల్లో వచ్చే వైన్ తెప్పిద్దాం. చవక."

ఇదలీనా చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది.

"ఏరా ఎల్మీరో, మళ్ళీ చెప్పు?"

"అత్తా, నీకు అర్థమైందిలే."

"అర్థమైంది కాబట్టే అడుగుతున్నా. పవిత్రాత్మ పంక్తిలో వలపక్షమా? ఒక బల్లకి ఒకటి, ఇంకో బల్లకి ఇంకోటా? నీకు బడిలో అన్నం పెట్టినదాన్ని. నాన్న డెయిరీ ఓనరని నీకెప్పుడైనా రెండో ముక్క ఎక్కువ వేశానా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎల్మీరో చెవులు ఎర్రబడ్డాయి.

"ఎనిమిది కోడెల మాంసం ఇస్తున్నది నేను" అన్నాడు.

"ఇస్తున్నావు. ఏ తలుపులోంచి వస్తోంది? వంటింటి తలుపులోంచేగా? వంటింటి గడప దాటింది ఎవరు తెచ్చినా అందరిదీ. మీ తాత ఓసారి మంచి దూడని తోలుకొచ్చి, నడుము మాంసం తన ఇంటివాళ్ళకి విడిగా తీసిపెట్టమన్నాడు. మా నాయనమ్మ ఏమందో తెలుసా? 'దూడని వెనక్కి తోలుకుపో, లేకపోతే నోరు మూసుకుని కూర్చో' అంది. ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు. నువ్వు మీ తాత కంటే గొప్పవాడివా?"

ఇది ఆవిడ సొంత పెత్తనం కాదు. సముద్రం అవతలి దీవుల నుంచి ఓడెక్కి ఈ దేశానికి వచ్చినప్పుడు ముసలమ్మలు మూటల్లో కట్టుకొచ్చిన ఆచారం. పండగరోజు ఎవరొచ్చినా ఉచితంగా తింటారు. అందరిదీ ఒకే గిన్నె, ఒకే రొట్టె, ఒకే వైన్. ఇదలీనా తండ్రి ఈ ఎల్మీరో తాత దగ్గరే పాలు పితికాడు. ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి మాట్లాడాడు. ఆ ఒక్క రోజు మాత్రం యజమాని పక్కన కూర్చుని, అదే కూజాలోంచి పోసింది తాగాడు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇదలీనా అది కళ్ళారా చూసింది. ఆ రోజు తండ్రి నడుము ఎంత నిటారుగా ఉండేదో ఆవిడకి ఇంకా గుర్తు. ఆ కుర్చీని ఎల్మీరో పీకేస్తానంటుంటే ఊరుకుంటుందా?

"ఆరువందల మందికీ ఒకటే వైన్ నేను తెస్తా" అంది.

"సీసాకి ఆరు డాలర్ల కంటే ఎక్కువ కమిటీ ఇవ్వలేదు అత్తా. ఆరు డాలర్లకి పుల్లటి సిర్కా వస్తుంది."

"శనివారం మధ్యాహ్నం ఇదే బల్ల మీద పెడతా. నువ్వే తాగు. మొహం చిట్లించావో, నీ ఏర్పాటే కానీ. చిట్లించకుండా మింగావో, కడపంక్తి దాకా అదే వైన్."

చేతులెత్తించారు. ఐదుగురు ఇదలీనా వైపు, నలుగురు ఎల్మీరో వైపు. ఇదలీనా మళ్ళీ వెల్లుల్లి అందుకుంది.

శుక్రవారం పొద్దున పది కొట్టేసరికి టర్లాక్‌లో గోదాం దుకాణం తలుపు ముందు నిలబడింది. తోడు జుల్మీరా. వంటింట్లో ఇరవై ఏళ్ళుగా ఆవిడకి కుడిచెయ్యి, పికప్ ట్రక్కు కూడా జుల్మీరాదే. ఇదలీనా సంచిలో బిరడా తీసే మర, నాలుగు కాగితం కప్పులు, ఎండు రొట్టె, ఒక ఫ్లాస్కు ఉన్నాయి. ఫ్లాస్కులో నిన్న రాత్రి కాచిన సోపాస్ చారు. గొడ్డుమాంసం, దాల్చినచెక్క, జీలకర్ర, పుదీనా. ఆ చారు రొట్టె మీద పోసుకుని తినడమే పండగ భోజనం.

"చారెందుకక్కా?" అంది జుల్మీరా.

"వైన్ వట్టిగా తాగుతారటే జనం? చారుతో తాగుతారు. పెళ్ళికొడుకుని ఒంటరిగా కాదు, అత్తగారి పక్కన నిలబెట్టి చూడాలి."

లోపల వైన్ నడవ విమానాశ్రయమంత పొడవు. చెక్క పలకల మీద పెట్టెలు పెట్టెలుగా పేర్చి ఉన్నాయి. జుల్మీరా బంగారు అక్షరాలున్న సీసా ఒకటి ఎత్తింది.

"అబ్బ! ఎంత బరువుందో చూడు, మంచిదే అయ్యుంటుంది."

"పెట్టెయ్. బరువు గాజుది, దాని డబ్బు కూడా గాజుకే. పైన పటారం, లోన లొటారం."

"మరి దీనికి పతకాలున్నాయిగా?"

"నీ మొగుడికీ ఉన్నాయి, బౌలింగులో గెలిచినవి. ఏం పనికొచ్చాడు?"

జుల్మీరా పకపకా నవ్వి సీసా పెట్టేసింది.

ఇదలీనా సీసాల మొహం చూడదు. ముందు ధర కాగితాలు చూస్తుంది. ఆ కాగితం పైమూల చిన్న నక్షత్రం గుర్తుంటే ఆ సరుకు మళ్ళీ రాదని లెక్క. ధర చివర తొంభై ఏడుంటే గోదాం వాళ్ళు దాన్ని వదిలించుకుంటున్నారని లెక్క. రెండూ ఒకే కాగితం మీద కలిస్తే అక్కడ ఆగాలి. తరవాత సీసా వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకి నెట్టి, కింద చీమలంత అక్షరాలు చదవాలి. ద్రాక్ష పిండి వైన్ చేసినవాడే సీసాల్లో పోశాడా, లేక ఎక్కడో కొని తెచ్చి పేరు మాత్రం అంటించుకున్నాడా అన్నది అక్కడ రాసి ఉంటుంది. రాయకుండా తప్పించుకోలేరు. ముందు పక్క కవిత్వం, వెనక పక్క నిజం.

అలా గాలించి గాలించి నాలుగు రకాలు పట్టింది. తలా ఒక్క సీసా కొని బయటికొచ్చారు. ఒకటి కొని, బండి దగ్గర రుచి చూసి, నచ్చితే వెనక్కెళ్ళి పెట్టెలకి పెట్టెలు తెచ్చుకోవడం ఆ చుట్టుపక్కల తెలిసినవాళ్ళందరికీ అలవాటే. ట్రక్కు వెనక తలుపు దించితే అదే బల్ల.

మొదటిది దగ్గుమందు. జుల్మీరా బండి నడపాలి కనుక ఉమ్మేసింది, నడపకపోయినా ఉమ్మేసేదే. రెండోది రంపప్పొట్టు నమిలినట్టుంది. మూడోది వట్టిగా తాగితే బ్రహ్మాండం. ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వుకున్నారు కూడా. చారులో ముంచిన రొట్టె నోట్లో పెట్టుకుని మళ్ళీ తాగితే, ఏముంది, నీళ్ళు. దాల్చినచెక్క ముందు నిలబడలేక పారిపోయింది.

నాలుగోదాని మీద మూతి వంకర గాడిద బొమ్మ. అంత అనాకారి బొమ్మ ఎవరు గీశారో, ఎవరు ఒప్పుకున్నారో దేవుడికే తెలియాలి. పాసో రోబ్లెస్ కొండల్లోది. ఐదు డాలర్ల తొంభై ఏడు సెంట్లు, పైన నక్షత్రం. ఇదలీనా రొట్టె నమిలి, ఒక గుక్క తాగింది. మళ్ళీ రొట్టె, మళ్ళీ గుక్క.

"ఏమయిందక్కా? బాలేదా?"

"నోరుముయ్యవే." కళ్ళు తుడుచుకుంది. "మా నాన్న తాగిన కూజాలోది ఇలాగే ఉండేది. పుదీనాని తొక్కెయ్యదు, దానికి లొంగదు. పద, పద, లోపలికి పద!"

ఓడిపోయిన మూడింటికీ బిరడాలు బిగించి ట్రక్కులో పడేసింది. మాంసం నానబెట్టడానికి పనికొస్తాయి. వంటమనిషి దేన్నీ పారబోయదు.

కావలసినవి పన్నెండు పెట్టెలు. గాడిద బొమ్మ పెట్టెలు కింద ఏడే ఉన్నాయి. ఏడూ చక్రాల బల్ల మీదికి ఎక్కించారు. మిగతావి పైన ఇనప అరల మీద, రెండంతస్తుల ఎత్తున ఉన్నాయి. అక్కడ పనిచేసే రెనీటా అనే అమ్మాయిని పిలిచింది.

"అవి దించాలంటే ఫోర్క్‌లిఫ్ట్ రావాలండీ. జనం ఉండగా ఈ నడవలోకి రాదు. రేపు పొద్దున రండి."

"రేపటికి నాకోసం ఉంచుతారా?"

"ఎవరికీ దాచిపెట్టమండీ. ముందొచ్చినవాళ్ళదే."

ఈ మాట పక్కనున్న ఒక పెద్దమనిషి విన్నాడు. మొడెస్టోలో మాంసం హోటలు నడుపుతాడట. అతని చూపూ పైనే ఉంది.

"దించితే నేనూ తీసుకుంటా. దీన్ని గ్లాసు పన్నెండు డాలర్లకి అమ్మొచ్చు" అన్నాడు.

"ఒక్క గ్లాసా? పన్నెండా?"

"వ్యాపారమమ్మా."

"నేను పండగకి ఊరికే పోస్తా నాయనా. పాలు పితికేవాళ్ళకీ, బ్యాంకు వాళ్ళకీ, దారినపోయేవాళ్ళకీ. ఇద్దరిలో ఎవరికి అవసరమో నువ్వే చెప్పు."

"ముందొచ్చినవాళ్ళదే అందిగా ఆ అమ్మాయి" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

ఇదలీనా అతన్ని ఎగాదిగా చూసింది. పక్క నడవలోకి వెళ్ళి, అమ్మకానికి పెట్టిన మడత కుర్చీ ఒకటి లాక్కొచ్చి, సరిగ్గా ఆ అరల కింద తెరిచి కూర్చుంది.

"మేడమ్, అది అమ్మే కుర్చీ!" అంది రెనీటా.

"కూర్చుని చూడకుండా కుర్చీ ఎవరైనా కొంటారటమ్మా? చూస్తున్నా. నాకు కాస్త టైము పడుతుంది."

దుకాణం మేనేజరు వచ్చాడు. వీల్లేదన్నాడు. "వీలయ్యేదాకా కూర్చుంటా, నాకు తొందరేం లేదు" అంది. అతను వెళ్ళిపోయాడు. హోటలాయన ట్రాలీకి ఆనుకుని నిలబడ్డాడు. జుల్మీరా వెళ్ళి హాట్‌డాగ్ తెచ్చిపెట్టింది. ఇదలీనా అతని మొహంలోకి చూస్తూ తాపీగా నమిలి తినేసింది. పన్నెండు దాటింది. అతని ఫోను మోగింది, మళ్ళీ మోగింది. హోటల్లో మధ్యాహ్నం జనం, వంటవాళ్ళు గోల పెడుతున్నారు.

"ఎంతసేపు కూర్చుంటావమ్మా?"

"బడిలో రోజుకి నాలుగువందల మంది పిల్లల్ని నిలబడి చూసుకున్నదాన్ని. ఇవాళ కుర్చీ కూడా ఉంది."

ఒంటిగంటకి అతను ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఒక తిట్టు కూడా తిట్టాడు, అది ఇక్కడ రాయడం బాగోదు. ఇంకో అరగంటకి మేనేజరు మళ్ళీ వచ్చి, కుర్చీనీ ఇదలీనానీ మార్చి మార్చి చూసి, తల పట్టుకున్నాడు. నడవకి రెండు వైపులా గొలుసు కట్టించాడు. ఫోర్క్‌లిఫ్ట్ కూతవేస్తూ వచ్చి పెట్టెలు దించింది. ఐదు. రెనీటా మెల్లగా ఇదలీనా చెవిలో అంది.

"పండగ ఎప్పుడండీ?"

"ఎల్లుండి. మీ వాళ్ళందర్నీ తీసుకురా. మాకు చుట్టాలు, పరాయివాళ్ళు అని లేరు."

కుర్చీ కొనలేదు. నడుముకి పడలేదట.

శనివారం మధ్యాహ్నం హాల్లో బల్ల మీద గాడిద సీసా పెట్టింది. కమిటీ తొమ్మిదిమందీ కాక ఊళ్ళో పనిలేనివాళ్ళంతా చేరారు. ఎల్మీరో బొమ్మ చూసి నవ్వాడు. గ్లాసు ఊపాడు, వాసన చూశాడు, నాపాలో నేర్చుకున్న విద్యలన్నీ చేశాడు. తాగాడు.

ఆ మొహం చిట్లించడానికి ఎంత కష్టపడ్డాడో పాపం! కనుబొమలు కదిలాయి, మూతి కదిలింది, కుదరలేదు. పైగా చెయ్యి దానంతటది రెండో గుక్కకి లేచింది. అంతే, హాలంతా ఘొల్లుమంది.

"పర్లేదు" అన్నాడు మింగలేక కక్కలేక.

"గట్టిగా చెప్పరా, వెనక వాళ్ళకి వినపళ్ళేదు."

"బాగుందత్తా. సరేనా? కడపంక్తి దాకా ఇదే."

ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ ఎల్మీరో మాట తప్పేవాడు కాదు, మాటలో సందు వెతికేవాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "పండగ వైన్ ఒకటే. ఒప్పుకున్నా. ఎవరైనా వాళ్ళ సొంత సీసా వాళ్ళ బల్ల మీద పెట్టుకుంటే మాత్రం ఎవరేం చేస్తారు?" అని వెళ్ళిపోయాడు.

ఇదలీనాకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చేస్తుంది? హాలు తలుపులోంచి సొంత సీసా పట్టుకొచ్చేవాణ్ణి ఆపే ఆచారం ఏదీ లేదు. ఆ రాత్రి ఆవిడకి సరిగా నిద్ర పట్టలేదు. గెలిచి కూడా ఓడిపోయినట్టు మంచం మీద అటూ ఇటూ దొర్లింది.

ఆదివారం తెల్లవారక ముందే ఎనిమిది గుండిగలు పొయ్యిలెక్కాయి. వంటింటి తలుపు ముందు బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి. రొట్టెలు, క్యాబేజీలు, పుదీనా కట్టలు దిగుతున్నాయి. ఎనిమిదింటికి ఎల్మీరో డెయిరీ నుంచి ఒక మనిషి వచ్చాడు. రెండు చెక్కపెట్టెలు తెచ్చి వంటింట్లో నేల మీద పెట్టి, చీటీ ఇచ్చి వెళ్ళాడు.

జుల్మీరా చదివింది. "మొదటి బల్లకి. గంట ముందు బిరడాలు తీసి గాలి తగలనివ్వండి. ఎల్మీరో."

ఇదలీనా చీటీ వైపు చూసింది. పెట్టెల వైపు చూసింది. తలుపు వైపు చూసింది.

"ఎటునించి వచ్చాయే ఇవి?"

"ఇటునించే అక్కా, వంటింట్లోకే..." అంటూనే జుల్మీరా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "వద్దక్కా! సీసా ఎనభై డాలర్లక్కా! ఇరవై నాలుగున్నాయి!"

"మాంసం తెచ్చినవాడి మాంసం గుండిగలోకి పోయిందా లేదా? రొట్టె తెచ్చినవాడి రొట్టె? వాళ్ళెవరైనా చీటీ పెట్టారా?"

"ఎల్మీరో ఊరుకోడు."

"ఊరుకోకపోతే వాళ్ళ తాతని అడగమను."

చెప్పినట్టే బిరడాలు తీసింది, ఆ మర్యాదలో లోటు చెయ్యలేదు. ఒకటి కాస్త కప్పులో పోసుకుని తాగింది. బాగుంది. చాలా బాగుంది. అబద్ధమెందుకు, గాడిద కంటే బాగుంది. ఇంత మంచిది పదిమంది తాగితే ఏం లాభం అనుకుంది. చారులో వైన్ పోసే వేళకి, దానికని తెచ్చిన అట్టపెట్టె వైన్ పక్కకి నెట్టేసి, గుండిగకి మూడు సీసాల చొప్పున ఎనిమిది గుండిగల్లోనూ వంచేసింది. వంటింట్లో ఆడవాళ్ళు గరిటెలు ఆపేసి చూస్తున్నారు. ఆఖరి సీసా ఖాళీ అయ్యాక ఒక ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

పూజ అయింది, ఊరేగింపు వచ్చింది, అందులో మోసుకొచ్చిన పవిత్రాత్మ కిరీటం హాల్లోకి చేరింది. ఆరువందల మంది బల్లల ముందు కూర్చున్నారు. బల్లబల్లకీ మూతి వంకర గాడిద. కడపంక్తిలో రెనీటా, వాళ్ళమ్మ, చెల్లెళ్ళు కూర్చున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాళ్ళకి మనవాళ్ళు, పరాయివాళ్ళు లేరు కాబట్టి ఏ పంక్తైనా ఒకటే.

మొదటి బల్ల దగ్గర బ్యాంకు మేనేజరు రెండో గిన్నె అడిగాడు. ఎల్మీరో కూడా రెండో గిన్నె తిన్నాడు. "ఈ ఏడు చారు ఏదో వేరుగా ఉందే, అబ్బ!" అని పక్కవాడితో అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది సీసాల సంగతి. బల్ల మీద చూశాడు. గాడిద. కింద చూశాడు. లేచి గబగబా వంటింట్లోకి వచ్చాడు.

"అత్తా, నా సీసాలేవి?"

ఇదలీనా మూలకి చూపించింది. ఇరవై నాలుగూ కడిగి బోర్లించి ఉన్నాయి.

ఎల్మీరో ఒక ఖాళీ సీసా ఎత్తి చూశాడు. తరవాత గట్టిగానే అరిచాడు. "నీకు పిచ్చా? అది వంటలో పోసే వైనా? నన్నెవరనుకున్నావు? ఎవరి సొమ్మనుకున్నావు?"

"ఏ తలుపులోంచి పంపావురా?"

అతను నోరు తెరిచాడు. తలుపు వైపు చూశాడు. ఆ గడప మీద అతని తాత నడుము మాంసం అడిగి నోరు మూసుకున్న సంగతి అతనికీ తెలుసు, ఆ వంటింట్లో ఉన్న పాతికమంది ఆడవాళ్ళకీ తెలుసు. పాతికమందీ అతన్నే చూస్తున్నారు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"హాలు తలుపులోంచి చేత్తో పట్టుకొస్తే నేను ముట్టుకునేదాన్ని కాదు" అంది ఇదలీనా. "నువ్వే వంటింటికి ఇచ్చావు. ఊరంతా తిన్నది. నీ పాలు పితికేవాళ్ళు తిన్నారు. నువ్వూ రెండు గిన్నెలు తిన్నావు. బాగుందన్నావట కూడా."

అప్పుడు గరిటె జుల్మీరాకి ఇచ్చింది. ఏటా వంటవాళ్ళు అందరూ తిన్నాకే తింటారు, వంటింట్లోనే తింటారు. ఇదలీనా నలభై ఏళ్ళుగా అంతే. ఆ రోజు మాత్రం గిన్నె నింపుకుని, చారు మరకలున్న ఏప్రన్ విప్పకుండా హాల్లోకి నడిచింది. తిన్నగా మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి, ఎల్మీరో కుర్చీ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. బ్యాంకు మేనేజరు కాస్త జరిగాడు. ఎల్మీరో వెనకే వచ్చి నిలబడ్డాడు. హాలంతా చూస్తోంది.

"కూర్చోరా. మా నాన్న మీ తాత పక్కన ఇక్కడే కూర్చునేవాడు."

ఎల్మీరో కూర్చున్నాడు.

ఇదలీనా నడుము నిటారుగా పెట్టి, ఖాళీ గ్లాసు అతని ముందుకి తోసింది.

"పొయ్యరా" అంది.

అతను గాడిద సీసా ఎత్తి పోశాడు.